ఆగుటకు కారణం

ఇరవై ఐదు రిజిస్టర్లు
సోనామసూరి గోతంలో కుక్కి
తొలి బస్సుకు కడపకు పోయినాం ముగ్గురం.
కండక్టరు గోతాన్ని కాలితో తట్టి
బియ్యమా అన్నాడు.
కాదప్పా, నీళ్లు అన్నాడు ఓబులేసు.
అయినా లగేజీ టికెట్టు కొట్టినాడు.

లైసెన్సుకు ఇంక నలభై దినాలే గడువు.
కుందూకు అడ్డంగా మా ఎర్రమడుగు కట్ట,
మనిషి నిలబడి, వాని భుజాన ఇంకొకడు నిలబడితే
అంతే దాని ఎత్తు.
పక్కన రేకుల కొట్టంలో టర్బైను.
ప్రొద్దుటూరు నుంచి లారీలో దిగిన నాడు
కుంకుమ పెట్టి నిమ్మకాయ కోసి
దర్గా తాయెత్తు కూడా కట్టినారు దానికి,
ఎవరు తిప్పుతారో ఎవరికెరుక అని.

ఆఫీసులో ఇంజనీరు మేడం కొత్త.
మొదటి అనుమతి అసలు కాయితం ఏదీ అంది.
వరదలో పోయిందమ్మా.
ఏ వరద?
అది కూడా రాసే ఉంది.
తొమ్మిదో రిజిస్టరు తీసి, బురద మరక చూపించినాం.

దస్తగిరి రాత అది.
పొద్దున ఆరు, సాయంత్రం ఆరు,
మీటరు అంకె, నీటి మట్టం, గ్రీజు ఎంత,
కడాకు ఒక గడి: ఆగుటకు కారణం.
మేడం వేలు ఆ గడి వెంబడే కిందికి దిగింది.

నీళ్లు లేవు.
నీళ్లు లేవు.
తుమ్మకంప జల్లెడకు అడ్డం పడినది. తీసితిని.
నీళ్లు లేవు.
బెల్టు తెగినది.
పైవాళ్లు షట్టరు దింపినారు. అడిగితే తిట్టినారు.
జెర్రిపోతు. పోనిచ్చితిని.
నీళ్లు లేవు.
నీళ్లు లేవు.
మా నాయన మట్టి. ఒక పూట ఆపితిని. మన్నించవలెను.
నీళ్లు లేవు.

కళ్లద్దాలు తీసి తుడుచుకుంది మేడం.
ఏడాదిలో సగం దినాలు తిరగనిదానికి
లైసెన్సు ఎందుకండీ,
ఆ జాగా కోసం కంపెనీ వాళ్ల అర్జీ ఉంది, వాళ్లు పలకలు పరుస్తారట.
ఓబులేసు గొంతు సవరించుకున్నాడు గానీ మాట రాలే.
సుంకులమ్మ కొంగు బిగించింది.
మా చేన్లు ఎన్నేండ్లు పండినాయని
పాసుబుక్కులిచ్చినారమ్మా?
ఎవరూ నవ్వలేదు.
ఫ్యాను మాత్రం కిర్రు కిర్రుమంటా ఉండె.
బేరింగుకు గ్రీజు లేదని
నా చెవికి తెలుస్తానే ఉంది.

ఇరవై రెండో రిజిస్టరు కాడ వేలు ఆగింది.
ఇక్కడ రాత మారిందే?
మారిందమ్మా, కిందిది నాది.
ఈ దినం కారణం గడి ఖాళీగా పెట్టినారెందుకు?

ఆ రాత్రి కుందూ నిండుగా పారుతాండె.
టీ తీసుకొని పోతి.
స్టూలు మీద గోడకానుకొని కూచున్నాడు,
చేతిలో పెన్ను, మూత తీసినట్టే ఉంది.
మూడుసార్లు పిలిస్తి.
మిషను మోతకు వినపడలేదేమో అనుకొంటి.
తెల్లారి ఊరంతా వచ్చి మోసుకొని పోయినంక
రిజిస్టరు తెరిచి శానాసేపు చూస్తి.

ఆగలేదమ్మా అన్నా.
మిషను ఆగలేదు. అందుకే ఏమీ రాయలేదు.

ఆమె ఆ పేజీ మూయలేదు, తిప్పనూ లేదు.
కాసేపటికి గుమాస్తాను పిలిచి ఏదో చెప్పి
మా దిక్కు చూడకుండా అంది,
అన్ని పేజీలూ జెరాక్సు, మూడు సెట్లు.
సోమవారం లోపల.
అది అవుననా కాదనా
మెట్లు దిగేదాకా తేల్చుకోలేకపోయినాం.

ఏడురోడ్ల కాడ జెరాక్సు పిల్లోడు
గోతం చూసి నోరు తెరిచినాడు.
పేజీకి రూపాయి, ఎక్కువని అర్ధ తగ్గించినాడు.
నాలుగో రిజిస్టరు సగంలో
మిషను మూలిగి, లైటు ఆరి,
అంగడి అంతా చీకటి.
యా ఊరు మీది, ఎప్పుడొస్తాదో ఏమో,
కూచోండి అన్నాడు.

అలవాటు కొద్దీ గడియారం చూస్తి.
మూడూ ఇరవై.
చెయ్యి జేబులో పెన్ను కోసం తడుముకుంది.
సుంకులమ్మ గోతం మీద కూచుని
ఆకుకు సున్నం రాస్తా ఉంది.